వరాఛా చెప్పే లెక్కలు: వాతావరణ మార్పు గణిత తరగతిలోకి ఎలా రావాలి?

సూరత్ నగరంలో తాపీ నది ఒడ్డున ఉన్న వరాఛా ప్రాంతం వజ్రాలకు సానపట్టే కార్ఖానాలకు, మరమగ్గాలకు పేరెన్నికగన్నది. సూరత్ మగ్గాలపై నేసిన బట్ట పాండేసరా, సచిన్, పల్సానా ప్రాంతాల్లోని అద్దకపు మిల్లులకు చేరి, రంగులద్దుకొని దేశమంతటికీ వెళుతుంది. ఆ మిల్లుల బాయిలర్లలో మండే బొగ్గు, నదికి ఎగువన సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని ఉకాయ్ జలాశయం, రేకుల షెడ్లలో మగ్గాల మధ్య గడపవలసిన వేసవి - ఈ మూడూ ఇక్కడి కార్మికుని జీవితాన్ని ప్రత్యక్షంగా తాకుతాయి. ఈ మూడింటి వెనుకా గణితం ఉంది. అది ఎవరికీ అందని ఉన్నత గణితం కాదు. డిగ్రీ విద్యార్థి మూడేళ్లలో చదివే గణితమే.

అయినా ఆ విద్యార్థి తన ఊరి నదికీ, తన చేతిలోని పుస్తకానికీ సంబంధం ఉన్నదని తెలియకుండానే పట్టా పుచ్చుకోగలడు. దేశంలోని చాలా విశ్వవిద్యాలయాల గణిత బోధన తీరు ఇదే. విశ్వవిద్యాలయాల గణిత పాఠ్యప్రణాళికపై ఇప్పుడు జరుగుతున్న చర్చలో ఈ అంశానికి తగిన చోటు దక్కలేదు.

2025 ఆగస్టులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, గణితంతో సహా తొమ్మిది సబ్జెక్టులకు కొత్త పాఠ్యప్రణాళికల ముసాయిదాను విడుదల చేసింది. ప్రాచీన భారతీయ గణిత సంప్రదాయానికి అందులో ఇచ్చిన స్థానం పత్రికల్లో ఎక్కువ చర్చనీయాంశమైంది. ముసాయిదాను ఉపసంహరించాలని కోరిన వందలాది గణితవేత్తలు మరొక లోపాన్ని కూడా ఎత్తి చూపారు. మౌలిక అంశాలు పలుచబడ్డాయని, అనువర్తిత గణితానికి, సంఖ్యా పద్ధతులకు, గణాంక శాస్త్రానికి తగిన ప్రాధాన్యం దక్కలేదని వారి ఆక్షేపణ. వాతావరణ మార్పు గణితంలోకి ప్రవేశించే ద్వారాలు సరిగ్గా ఇవే. కనుక ఈ చర్చను మరొక మెట్టు ముందుకు తీసుకువెళ్లవలసి ఉంది. వాతావరణ మార్పును, సుస్థిరతను గణిత బోధనలోకి తేవాలా? తెస్తే గణితం గణితంగానే మిగులుతుందా?

ఒక జలాశయం, ఒక సమీకరణం

2006 ఆగస్టు రెండవ వారంలో సూరత్ నగరం చవిచూసిన వరదను అక్కడివారు ఇప్పటికీ మరచిపోలేదు. ఉకాయ్ జలాశయం నుంచి విడుదలైన ప్రవాహం ఒక దశలో సుమారు 9 లక్షల క్యూసెక్కులకు చేరింది. నగరంలో నాలుగింట మూడొంతుల భాగం నీట మునిగింది. 1972లో ఉకాయ్ ఆనకట్ట పూర్తి కాకముందు, 1968లో, తాపీకి సుమారు 15 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిన చరిత్ర ఉంది. ఆనకట్ట కట్టిన తరువాత కూడా నగరం మునగడంతో తీవ్రమైన వాదోపవాదాలు చెలరేగాయి. జలాశయాన్ని ముందుగా ఖాళీ చేయకుండా నిండుగా ఉంచడమే కారణమని ఒక వర్గం వాదించింది. పరీవాహక ప్రాంతంలో ఊహించని వర్షం కురిసిందని మరొక వర్గం సమాధానమిచ్చింది.

ఈ వాదంలో సత్యాసత్యాలను పరిశీలించాలంటే ముందుగా కావలసింది ఒకే ఒక సమీకరణం. జలాశయంలో నీటి నిలవ మారే రేటు, వచ్చే ప్రవాహం నుంచి పోయే ప్రవాహాన్ని తీసివేయగా మిగిలినదానికి సమానం. ఇది ప్రథమ పరిమాణ అవకలన సమీకరణం. డిగ్రీ విద్యార్థులందరూ దీనిని చదువుతారు. అయితే పుస్తకంలో అది ఒక తొట్టి, ఒక కుళాయి, ఉప్పునీటి ద్రావణం రూపంలో కనిపిస్తుంది. ఆ తొట్టి స్థానంలో ఉకాయ్‌ను ఉంచితే లెక్కకు ఒక్కసారిగా ప్రాణం వస్తుంది.

లక్ష క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా కొనసాగితే 8.64 టీఎంసీల నీరవుతుంది. జలాశయంలోకి 10 లక్షల క్యూసెక్కులు వస్తూ, 6 లక్షలు మాత్రమే వదులుతున్నారనుకుందాం. ఒక రోజులో అదనంగా చేరే నీరు సుమారు 35 టీఎంసీలు. అంత ఖాళీ లేకపోతే, మరునాడు గేట్లను మరింతగా ఎత్తక తప్పదు. నేడు వదలని నీటిని రేపు ఇంకా వేగంగా వదలవలసి వస్తుంది. ముందుగానే వదిలితే, ఆ తరువాత వాన కురవకపోతే, సాగునీటికీ విద్యుత్తుకూ కొరత ఏర్పడుతుంది. జలాశయ నిర్వాహకుని సంకటం ఇదే. ఈ లెక్క తెలిసిన విద్యార్థి ఎవరినీ నిందించడానికి తొందరపడడు. ఏ రోజు ఎంత నీరు వచ్చిందో, ఎంత వదిలారో, ఆనాటికి ఏ సూచన అందుబాటులో ఉందో చూపమని అడుగుతాడు. ప్రజాస్వామ్యంలో అలా అడగగలగడం చిన్న విషయం కాదు.

దీనికి తోడు సంభావ్యతా సిద్ధాంతం. నూరేళ్లకు ఒకసారి వచ్చే వరద అనే మాటను అధికారులూ, పత్రికలూ తరచు వాడుతుంటారు. ఒకసారి వచ్చింది గనుక ఇక నూరేళ్ల వరకు భయం లేదని సామాన్యులు అర్థం చేసుకుంటారు. నిజానికి దాని అర్థం ఏ సంవత్సరంలోనైనా అటువంటి వరద వచ్చే అవకాశం 1 శాతం అని మాత్రమే. ఇంటి కోసం 30 ఏళ్ల గడువుతో రుణం తీసుకున్న కుటుంబానికి, ఆ గడువులోగా కనీసం ఒకసారి అటువంటి వరదను చూసే అవకాశం 26 శాతం. అంటే నాలుగింట ఒకటి కంటే కొంచెం ఎక్కువ. 0.99ను 30 సార్లు గుణించి, ఒకటి నుంచి తీసివేస్తే ఈ జవాబు వస్తుంది.

ఇక్కడే వాతావరణ మార్పు ప్రవేశిస్తుంది. ఆ 1 శాతం అనే సంఖ్య గతకాలపు రికార్డుల నుంచి లెక్కించినది. వాతావరణమే మారిపోతున్నప్పుడు గతం భవిష్యత్తుకు నమ్మదగిన నమూనాగా నిలుస్తుందా? గణాంక శాస్త్రంలో దీనిని స్థిరత్వ భావన అంటారు. అది ఇక చెల్లదని 2008లో జల శాస్త్రజ్ఞుల బృందం ఒకటి సైన్స్ పత్రికలో ప్రకటించి, ప్రపంచవ్యాప్తంగా చర్చకు తెరతీసింది. గుణకారంతో మొదలైన పాఠం, విద్యార్థిని సమకాలీన పరిశోధన అంచు వరకు తీసుకువెళ్లింది. గణితంలో ఏ మాత్రం రాజీ పడవలసిన అవసరం రాలేదు.

పొగగొట్టంలో లగ్రాంజ్ గుణకం

రెండవ ఉదాహరణ సూరత్‌కే ప్రత్యేకమైనది. గాలిలోని సూక్ష్మ ధూళికణాల ఉద్గారాలపై ప్రపంచంలోనే తొలి విపణి 2019లో ఈ నగరంలో ప్రారంభమైంది. గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి, షికాగో విశ్వవిద్యాలయం తదితర సంస్థల పరిశోధకుల సహకారంతో దీనిని అమలు చేసింది. పాల్గొన్నవాటిలో అధికభాగం బట్టల అద్దకపు మిల్లులే. పొగగొట్టాలకు అమర్చిన యంత్రాలు ఉద్గారాలను నిరంతరం కొలుస్తాయి. మొత్తం ఉద్గారాలకు మండలి ఒక పరిమితి విధిస్తుంది. ఆ పరిమితికి లోబడి మిల్లులకు అనుమతి పత్రాలు ఇస్తుంది. ధూళిని చవకగా తగ్గించగలిగిన మిల్లు తన వద్ద మిగిలిన పత్రాలను అమ్ముకోవచ్చు. తగ్గించడం ఖర్చుతో కూడిన మిల్లు వాటిని కొనుక్కోవచ్చు.

ఇందులోని గణితాన్ని చూద్దాం. రెండు మిల్లులు కలిసి 100 యూనిట్ల ధూళిని తగ్గించాలి. మొదటి మిల్లుకు అయ్యే ఖర్చు, అది తగ్గించే యూనిట్ల వర్గానికి సమానం అనుకుందాం. రెండవది పాత యంత్రాల మిల్లు. దానికి అంతకు మూడు రెట్లు. చెరి సగం తగ్గించమని ఆదేశిస్తే, మొదటి మిల్లుకు 2,500, రెండవదానికి 7,500, మొత్తం 10,000 రూపాయలు ఖర్చవుతుంది. మొదటి మిల్లు 75, రెండవది 25 యూనిట్లు తగ్గిస్తే మొత్తం ఖర్చు 7,500 రూపాయలే. ధూళి తగ్గుదల అంతే; ఖర్చు మాత్రం నాలుగో వంతు తక్కువ.

ఈ 75, 25 అనే విభజనను కనుగొనే సాధనమే డిగ్రీ విద్యార్థులు చదివే లగ్రాంజ్ గుణక పద్ధతి. ఈ లెక్కలో ఆ గుణకం విలువ 150. మరొక యూనిట్ ధూళిని తగ్గించడానికి సమాజం భరించవలసిన ఖర్చు దాదాపు 150 రూపాయలని దాని అర్థం. విపణి సక్రమంగా నడిస్తే, అనుమతి పత్రం ధర కూడా అక్కడికే చేరుతుంది. గుణకాన్ని ఒక గ్రీకు అక్షరంగా రాసి, జవాబు రాగానే కొట్టివేయడం విద్యార్థికి అలవాటు. ఆ అక్షరం తన నగరంలో కొనుగోలు, అమ్మకాలు జరిగే ఒక ధర అని తెలిసిన విద్యార్థి దానిని జీవితంలో మరచిపోడు.

ఈ పథకం ఫలితాన్ని నిర్ధారించిన తీరు కూడా గణాంక శాస్త్రానికి చక్కని పాఠం. 317 మిల్లులతో యాదృచ్ఛిక ప్రయోగం నిర్వహించారు. ఏ మిల్లులు విపణిలో చేరాలో, ఏవి పాత నియంత్రణ పద్ధతిలోనే కొనసాగాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. విపణిలో చేరిన మిల్లుల ఉద్గారాలు మిగిలినవాటి కంటే 20 నుంచి 30 శాతం తక్కువగా ఉన్నాయని పరిశోధకులు తేల్చారు. దాదాపు 99 శాతం సందర్భాలలో మిల్లులు తమ ఉద్గారాలకు సరిపడా పత్రాలను చూపగలిగాయి. మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికొలస్ రయన్, అనంత్ సుదర్శన్ ఈ అధ్యయన కర్తలు.

ధూళికణాలు వేరు, భూతాపానికి కారణమయ్యే కర్బన వాయువులు వేరు. ఈ భేదాన్ని విద్యార్థికి స్పష్టంగా చెప్పాలి. అయితే గణితం మాత్రం ఒకటే. 2023 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం కర్బన క్రెడిట్ల వ్యాపార పథకాన్ని నోటిఫై చేసింది. దాని పరిధిలోకి తేదలచిన రంగాలలో వస్త్ర పరిశ్రమ కూడా ఉంది. రేపు మిల్లులకు ఉద్గారాలను కొలిచేవారు, లెక్కగట్టేవారు, సరిచూసేవారు కావలసి ఉంటుంది. ఆ ఉద్యోగాలు స్థానిక గణిత పట్టభద్రులకు దక్కుతాయా, లేక బయటి సలహా సంస్థలకు పోతాయా అన్నది నేటి బోధనపై ఆధారపడి ఉంటుంది.

వేసవి తోక

మూడవది ఎండ. వేడి పెరుగుదల 1 డిగ్రీయో, ఒకటిన్నర డిగ్రీయో అని వినగానే, ఈపాటి పెరిగితే ఏమవుతుందని చాలామందికి సందేహం కలుగుతుంది. దీనికి సమాధానం ఉపన్యాసం కంటే ఒక రేఖాచిత్రం బాగా చెబుతుంది. రోజువారీ ఉష్ణోగ్రతలను గంట ఆకారపు వక్రరేఖగా ఊహించుకుందాం. సగటు కంటే రెండు ప్రామాణిక విచలనాలు దాటిన రోజులను తీవ్రమైన వేడి రోజులుగా లెక్కిస్తే, అవి 100 రోజులకు సుమారు 2 మాత్రమే. సగటు ఒక్క ప్రామాణిక విచలనం మేర పెరిగితే, పాత గీతను దాటే రోజులు 100కు సుమారు 16 అవుతాయి. సగటు కొద్దిగా జరిగింది. వక్రరేఖ తోక మాత్రం దాదాపు ఏడు రెట్లు బలిసింది. నిజమైన ఉష్ణోగ్రతలు ఈ ఆదర్శ వక్రరేఖను అచ్చంగా అనుసరించవు. ఎక్కడ అనుసరించవో పరిశీలించడమే విద్యార్థికి ఇవ్వదగిన తరువాతి అభ్యాసం.

మరమగ్గాల షెడ్డులో పనిచేసే కార్మికుని ఆరోగ్యం, సంపాదన ఆ తోక మీదనే ఆధారపడి ఉంటాయి. 2010 నాటి తీవ్ర వడగాలుల తరువాత అహ్మదాబాద్ నగరం 2013లో దక్షిణాసియాలోనే తొలి వేడి కార్యాచరణ ప్రణాళికను రూపొందించింది. ఏ ఉష్ణోగ్రత వద్ద హెచ్చరిక జారీ చేయాలన్నది అందులో కీలకమైన ప్రశ్న. మరీ తక్కువ స్థాయిలో జారీ చేస్తే ప్రజలు పట్టించుకోవడం మానేస్తారు. మరీ ఎక్కువ స్థాయిలో చేస్తే ప్రాణాలు పోతాయి. ఈ ప్రశ్నకు సమాధానం కూడా గణాంకాలలోనే దొరుకుతుంది.

మరచిన వారసత్వం

వాతావరణ గణితం విదేశాల నుంచి తాజాగా వచ్చిన ఫ్యాషన్ అనుకోవడం పొరపాటు. భారతదేశం దీనికి తొలి ప్రయోగశాలల్లో ఒకటి. 1904లో భారత వాతావరణ శాఖ అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ కేంబ్రిడ్జిలో శిక్షణ పొందిన గణితవేత్త. రుతుపవనాల వైఫల్యం వలన సంభవించిన కరవుల నేపథ్యంలో, వర్షపాతాన్ని ముందుగా అంచనా వేయడం ఆయనకు అప్పగించిన పని. దూర దేశాల వాయుపీడన, వర్షపాత గణాంకాల మధ్య సహసంబంధాలను ఆయన వందల సంఖ్యలో లెక్కించారు. ఆ లెక్కలన్నీ భారతీయ గుమాస్తాలు కాగితం మీద చేసినవే. పసిఫిక్, హిందూ మహాసముద్రాల మధ్య వాయుపీడనపు ఊగిసలాట ఆ విధంగానే వెలుగులోకి వచ్చింది. నేడు ఎల్ నినో పేరిట ప్రతి రైతూ వినే ముచ్చటకు పునాది అక్కడ పడింది.

1926లో ఒడిశాలోని బ్రాహ్మణి నదికి పెను వరద వచ్చినప్పుడు, నదీగర్భం పైకి లేచింది గనుక కరకట్టల ఎత్తు పెంచాలని ఇంజనీర్లు భావించారు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ దశాబ్దాల వర్షపాత, వరద గణాంకాలను విశ్లేషించి, నదీగర్భం లేచిన దాఖలా లేదని, పరీవాహక ప్రాంతంలో కురిసిన అధిక వర్షమే కారణమని చూపారు. కరకట్టల కంటే ఎగువన జలాశయాలే మార్గమని సూచించారు. ఒక గణాంక విశ్లేషణ ప్రభుత్వ ఆలోచననే మలుపు తిప్పిన సందర్భమది. అదే మహలనోబిస్ స్థాపించిన భారతీయ గణాంక సంస్థలో ఎదిగిన సి.ఆర్. రావు, అంతకుముందు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవారు. భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేసిన తెలుగువారు పి. కోటేశ్వరం, రుతుపవన కాలంలో ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహాన్ని గుర్తించి ప్రపంచ ఖ్యాతి పొందారు. ఈ పేర్లు మన గణిత తరగతి గదుల్లో ఎన్నిసార్లు వినిపిస్తున్నాయి?

అభ్యంతరాలు తోసిపుచ్చదగినవి కావు

ఇతర దేశాల అనుభవం కూడా గమనార్హం. 2013వ సంవత్సరాన్ని యునెస్కో ఆదరణలో భూగోళ గణిత సంవత్సరంగా పాటించారు. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడు జాన్ రో, సుస్థిరతకు గణితం అనే కోర్సును నిర్మించారు. దాని ఆధారంగా 2018లో పాఠ్యపుస్తకం వెలువడింది. నిలవలు, ప్రవాహాలు, సంభావ్యత, నిర్ణయాలు అందులోని అంశాలు. 2021లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఇద్దరు, స్యుకురో మనాబే, క్లాస్ హాసెల్‌మన్, వాతావరణాన్ని గణిత నమూనాలలో బంధించినవారే.

అయితే వ్యతిరేకత కూడా ఉంది. బ్రిటన్‌లో గణిత డిగ్రీల ప్రమాణపత్రాన్ని సవరించి, సుస్థిరాభివృద్ధి తదితర సామాజిక అంశాలను చేర్చే ప్రయత్నం జరిగినప్పుడు కొందరు గణితవేత్తలు బహిరంగంగా నిరసన తెలిపారు. గణితాన్ని రాజకీయ నినాదాలకు వేదిక చేయరాదని వారి వాదన. ఈ ఆందోళనలో కొంత న్యాయముంది. సిద్ధాంతానికి, నిరూపణకు కేటాయించిన గంటలను తగ్గించి, వాతావరణంపై వ్యాసరచనతో నింపితే విద్యార్థి రెండింటికీ చెడతాడు. వాస్తవ విశ్లేషణ రాని గణిత పట్టభద్రుడు వాతావరణ నమూనాలను కూడా అర్థం చేసుకోలేడు.

మన దేశానికి మరొక పాఠం ఉంది. ఎం.సి. మెహతా వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన ఆదేశాల ఫలితంగా, రెండు దశాబ్దాల క్రితం డిగ్రీ విద్యార్థులందరికీ పర్యావరణ అధ్యయనం తప్పనిసరి అయింది. 2023లో యూజీసీ ఆ విద్యకు కొత్త మార్గదర్శకాలను కూడా ప్రకటించింది. ఉద్దేశం ఉన్నతమైనదే. కానీ అనేక కళాశాలల్లో అది పరీక్షకు ముందు రాత్రి గైడు చదివి ఉత్తీర్ణులయ్యే పత్రంగా మిగిలిందన్న విమర్శ ఉంది. ప్రధాన సబ్జెక్టుకు వెలుపల, ఒక మూలన నిలబెట్టిన అంశానికి ఆ గతి పట్టడం సహజం. గణితంలో వాతావరణం పేరిట ఐదవ యూనిట్‌ను అతికిస్తే, దానికీ అదే గతి పడుతుంది.

కనుక సరైన మార్గం కొత్త అధ్యాయం కాదు, కొత్త ఉదాహరణ. సిద్ధాంతం మారదు, నిరూపణ మారదు, లెక్క మారుతుంది. అవకలన సమీకరణాలలో తొట్టికి బదులు జలాశయం. అభిలషణీయత పాఠంలో ఊహాజనిత కర్మాగారానికి బదులు ఉద్గారాల విపణి. బీజగణితంలో నాలుగో ఘాతపు సమీకరణం వచ్చినప్పుడు, సూర్యుని నుంచి వచ్చే శక్తికీ భూమి నుంచి వెలువడే శక్తికీ సమతూకం కట్టవచ్చు. వాయు ఆవరణపు దుప్పటి లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 18 డిగ్రీలు ఉండేదని విద్యార్థి స్వయంగా రాబట్టగలడు. వాస్తవంలో అది సుమారు 15 డిగ్రీలు. ఆ 33 డిగ్రీల అంతరానికి కారణమేమిటన్న ప్రశ్న, ఏ నినాదమూ లేకుండానే, తరగతిలో దానంతటదే పుడుతుంది.

కావలసినవి మూడు

ఇది జరగాలంటే మూడు మార్పులు అవసరం. మొదటిది పరీక్ష. ప్రశ్నపత్రం మారనంత కాలం బోధన మారదు. సూత్రాన్ని ఉపయోగించి జవాబు కనుగొనమని అడగడంతో పాటు, ఏ ఊహల మీద ఆ జవాబు నిలబడిందో, ఏ ఊహ సడలితే అది కూలిపోతుందో చెప్పమని అడగాలి. నమూనాకు హద్దులు ఉంటాయని తెలియజేయడమే ప్రచారానికీ బోధనకూ ఉన్న తేడా.

రెండవది గణాంకాల లభ్యత. 1901 నుంచి దేశ వర్షపాత వివరాలను గడులవారీగా భారత వాతావరణ శాఖ అందుబాటులో ఉంచింది. ఉకాయ్‌తో సహా ప్రధాన జలాశయాల నీటిమట్టాలను కేంద్ర జల సంఘం వారం వారం ప్రకటిస్తోంది. వాటిని విశ్లేషించడానికి అవసరమైన పైథాన్ వంటి సాఫ్ట్‌వేర్ ఉచితం. మారుమూల కళాశాలకు కూడా ఇది అసాధ్యమైన విషయం కాదు. గేట్ల నిర్వహణ, పొగగొట్టాల కొలతలు వంటి వివరాలను కూడా విద్యావసరాలకు తెరచి ఉంచితే, సంస్థలపై ప్రజల నమ్మకం పెరుగుతుందే తప్ప తగ్గదు.

మూడవది అధ్యాపకులు. శుద్ధ గణితంలో శిక్షణ పొందిన అధ్యాపకుని ఒక్కసారిగా వాతావరణ శాస్త్రం బోధించమనడం అన్యాయం. జల వనరుల ఇంజనీర్లు, వాతావరణ శాస్త్రవేత్తలతో కలిసి పాఠాలు తయారు చేసుకొనే అవకాశం కల్పించాలి. సూరత్‌లో వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం, సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక సంస్థ ఒకే నగరంలో ఉన్నాయి. హైదరాబాద్‌లో విశ్వవిద్యాలయాలతో పాటు సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాతావరణ, సముద్ర అధ్యయన విభాగం ఉంది. గణిత విభాగం గుమ్మం దాటి పక్క భవనానికి వెళ్లడమే మిగిలింది.

తెలుగు కుటుంబాలకు దీనితో ఏమి పని?

తెలంగాణ జిల్లాల నుంచి నేతపని వెతుక్కుంటూ తరతరాలుగా సూరత్‌కు వలస వెళ్లిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ నడిపే పాఠశాలల్లో తెలుగు మాధ్యమం ఉండడం ఆ వలసకు గుర్తు. మగ్గం ఆగితే ఇల్లు గడవని ఈ కుటుంబాలకు వరద, వడగాలి, మిల్లులపై వచ్చే కొత్త నిబంధనలు - మూడూ జీతం రాళ్లకు సంబంధించినవే. ఆ ఇంటి నుంచి మొదటిసారి కళాశాల మెట్లెక్కిన అమ్మాయి గణితం చదివితే, తన తండ్రి పనిచేసే షెడ్డును గురించి, తమ బస్తీని ముంచే నీటిని గురించి ఆ గణితం ఏమైనా చెప్పగలగాలి. లేకపోతే ఆమె దృష్టిలో అది ఉద్యోగ పరీక్షకు మెట్టుగా మాత్రమే మిగిలిపోతుంది.

స్వరాష్ట్రాలలోనూ ఈ అవసరం తక్కువేమీ కాదు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి రికార్డు సృష్టించింది. బుడమేరు పొంగి విజయవాడలో పలు ప్రాంతాలను ముంచింది. భద్రాచలం వద్ద గోదావరి 1986లో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. ప్రతి సందర్భంలోనూ ఎవరు బాధ్యులన్న వివాదం రేగింది. ప్రతి సందర్భంలోనూ వాదనలు వినిపించాయే గాని, లెక్కలు అరుదుగా వినిపించాయి. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యా మండలి డిగ్రీ విద్యార్థులకు సామాజిక సేవా ప్రాజెక్టును ఇప్పటికే తప్పనిసరి చేసింది. గణిత విద్యార్థులు ఆ గంటలను తమ మండల వర్షపాత రికార్డులను, చెరువుల నిలవలను లెక్కగట్టడానికి వినియోగించుకోవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర లేదు, కొత్త నిధులూ అక్కర లేదు.

వాతావరణ మార్పును గురించి నేటి విద్యార్థులకు భయం చెప్పేవారు ఉన్నారు, అదంతా అతిశయోక్తి అని కొట్టిపారేసేవారూ ఉన్నారు. గణితం ఈ ఇరువురి పక్షమూ వహించదు. ఎంత, ఎప్పటికి, ఎంత నమ్మకంతో అని మాత్రమే అడుగుతుంది. ఈసారి ఉకాయ్ గేట్లు ఎత్తినప్పుడు, తాపీ ఒడ్డున నిలబడి ఆ మూడు ప్రశ్నలూ వేయగల పట్టభద్రులు వరాఛాలో కొందరైనా ఉండాలి. వారిని తయారు చేయడానికి అవసరమైన గణితం సిలబస్‌లో ఇప్పటికే ఉంది. దానిని నది దాకా నడిపించడమే విశ్వవిద్యాలయాల ముందున్న పని.